కేసు గెలిచినాం సరే, డబ్బులెప్పుడొస్తాయి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి మీద ఉన్నాయి, అదీ మన అనంతపురం, కర్నూలు, కడప మూడు జిల్లాల నుంచి. బ్యాంకులో ఒకటి చెప్పి ఇన్సూరెన్స్ అంటగట్టడం, మనం కొట్లాడితే వెనక్కి ఇవ్వాల్సిందేనని తేలడమో, ఇప్పిస్తామని మాటివ్వడమో, ఆ తర్వాత కూడా నెలలకు నెలలు ఇవ్వకుండా తిప్పడం. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు పెట్టి ఈ మూడింటికే జాగా ఇస్తున్నా. రాసినవాళ్ల పేర్లు, బ్యాంకుల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా నాయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయినాడు. 2021లో చేతికొచ్చిన డబ్బుల్లో 3 లక్షలు ఫిక్స్‌డ్ వేద్దామని ఎప్పుడూ పోయే బ్యాంకుకే పోతే అక్కడ టేబుల్ దగ్గర కూర్చున్న పిల్లోడు, ఫిక్స్‌డ్ కంటే ఇది మేలు పెద్దాయనా, ఒక్కసారి కడితే చాలు ఐదేండ్లకు డబుల్ అయితాది అని చెప్పి ఏడెనిమిది చోట్ల సంతకాలు పెట్టించుకున్నాడు. నాయనకు ఇంగ్లీషు రాదు. ఏడాది తిరిగినాక మళ్లీ 3 లక్షలు కట్టమని మెసేజ్ వస్తే అప్పుడు తెలిసింది అది పదేండ్లు కట్టాల్సిన ఇన్సూరెన్స్ అని. అనంతపురం వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి గెలిచినాం. బ్యాంకు, ఇన్సూరెన్స్ కంపెనీ ఇద్దరూ కలిసి గానీ విడివిడిగా గానీ 3 లక్షలు, కట్టిన రోజు నుంచి చెల్లించే రోజు దాకా 9 శాతం వడ్డీ, మానసిక వేదనకు 25 వేలు, ఖర్చులకు 5 వేలు, 45 రోజుల్లో ఇవ్వాలని ఆర్డర్. ఐదు నెలలైంది. బ్యాంకుకు పోతే కంపెనీని అడగండి అంటారు, కంపెనీకి ఫోన్ చేస్తే బ్యాంకు నుంచి కాగితాలు రాలేదంటారు. నాయన రోజు మార్చి రోజు పాస్‌బుక్ ప్రింట్ వేయించుకొని వస్తాడు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: తమ్ముడూ, ఆ పాస్‌బుక్ మాట చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టేసినా. మా పెద్దమ్మ విషయంలో కూడా అచ్చం ఇట్లాగే అయింది, ఆర్డర్ కాపీ బీరువాలో భద్రంగా పెట్టి వాళ్లే ఫోన్ చేస్తారులే అని ఏడు నెలలు కూర్చున్నాం, ఎవరూ చేయలేదు, మేం ఉత్తరం రాసిన తర్వాతే కదలిక వచ్చింది. కాబట్టి మొదటి మాట, నాయనను ఇంక పాస్‌బుక్ పట్టుకొని తిరగనీయొద్దు, ఇకమీద తిరగాల్సింది కాగితాలు.

మీ ఆర్డర్‌లో "కలిసి గానీ విడివిడిగా గానీ" అని ఉంది చూడండి, మీ చేతిలో ఉన్న బలమంతా ఆ మాటలోనే ఉంది, కానీ చాలామంది దాన్ని చదివి వదిలేస్తారు. దానర్థం ఏందంటే మొత్తం డబ్బు ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మీరు వసూలు చేసుకోవచ్చు, సగం నీది సగం వాడిది అనే లెక్క మీకు సంబంధం లేదు, బ్యాంకు మొత్తం కట్టేసి కంపెనీ దగ్గర తన వాటా రాబట్టుకోవడం బ్యాంకు తలనొప్పి. కంపెనీని అడగండి అని బ్రాంచ్‌లో చెప్పే మాటకు ఆర్డర్ ముందు విలువ లేదు. అందుకే ఇద్దరి వెంట పడొద్దు, మీ ఊర్లో కౌంటర్ ఉన్న బ్యాంకునే పట్టుకోండి, కంపెనీకి కాపీ పంపితే చాలు.

రెండోది, వాళ్లు అప్పీల్‌కు పోయినారా లేదా అన్నది ముందు తెలుసుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్ ఆర్డర్ మీద రాష్ట్ర కమిషన్‌కు పోవాలంటే 45 రోజులు గడువు, ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే తర్వాత కూడా తీసుకోవచ్చు గానీ ఆర్డర్‌లో కట్టమన్న మొత్తంలో సగం ముందు డిపాజిట్ చేయనిదే అప్పీల్ తీసుకోరు. అప్పీల్ వేస్తే మీకు నోటీసు రావాలి. వినియోగదారుల కేసుల వెబ్‌సైట్ ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు నంబర్ కొట్టి చూసుకోవచ్చు, లేకుంటే మీ వకీలుతో కనుక్కోండి. ఇంకో సంగతి, అప్పీల్ వేసినంత మాత్రాన ఆర్డర్ ఆగిపోదు, స్టే తెచ్చుకుంటేనే ఆగుతుంది. మేం అప్పీల్‌కు పోతున్నాం అని బ్రాంచ్‌లో నోటితో అంటే స్టే కాపీ చూపించమని అడగండి.

అప్పీల్ లేదని తేలితే ఒక లెటర్ రాయండి, తెలుగులో రాసినా పర్లేదు. ఫలానా తేదీ ఆర్డర్, కేసు నంబర్, 45 రోజుల గడువు ఫలానా రోజుకు అయిపోయింది, ఈ రోజుకు రావాల్సిన మొత్తం ఇంత, ఈ లెటర్ అందిన 15 రోజుల్లో ఈ అకౌంట్‌లో వేయండి, లేదంటే వినియోగదారుల చట్టం సెక్షన్ 71, 72 కింద కమిషన్‌కు వస్తాం. అంతే. కోపం రాయొద్దు, కథ మొత్తం మళ్లీ రాయొద్దు. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ జిరాక్సు, క్యాన్సిల్డ్ చెక్కు, నాయన పాన్ కార్డు జిరాక్సు జతచేసి ఒకటి బ్రాంచ్ మేనేజర్‌కు చేతికిచ్చి మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి, ఒకటి బ్యాంకు హెడ్ ఆఫీసులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కు, ఒకటి ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు స్పీడ్ పోస్ట్‌లో పంపండి. బ్రాంచ్‌లో ముద్ర వేయం అంటే గొడవ పెట్టుకోకుండా బయటికొచ్చి అదే బ్రాంచ్‌కు కూడా స్పీడ్ పోస్ట్ చేసేయండి, ఆ రసీదే మీకు సాక్ష్యం.

లెక్క మాత్రం మీరే వేసి పెట్టండి, వాళ్లకు వదిలేయొద్దు. 3 లక్షల మీద 9 శాతం అంటే ఏడాదికి 27 వేలు, నెలకు 2,250, రోజుకు 74 రూపాయల దాకా. ఆర్డర్‌లో చెల్లించే రోజు దాకా అని ఉంది కాబట్టి వాళ్లు తిప్పే ప్రతి రోజుకూ అది పెరుగుతానే ఉంటుంది. కొన్నిచోట్ల ఆర్డర్ తేదీ దాకానే వడ్డీ లెక్కగట్టి చెక్కు ఇచ్చేస్తారు, మనవాళ్లు వచ్చిందే చాలని తీసుకుంటారు. అట్లా తక్కువిస్తే తీసుకోండి గానీ, "పూర్తిగా ముట్టింది, ఇక ఏ బాకీ లేదు" అనే కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు, ఇంత ముట్టింది, ఇంత బాకీ ఉంది అని రాసి సంతకం పెట్టండి. ఈసారి నాయన సంతకం పెట్టే ప్రతి కాగితం ముందు మీరు చదవాలి, మొదట మోసం జరిగింది సంతకం దగ్గరే కదా.

ఒకటి గుర్తొచ్చింది, కొన్నిసార్లు బ్యాంకు డబ్బు మీ అకౌంట్‌లో వేయకుండా కమిషన్ దగ్గర డిపాజిట్ చేసేస్తుంది. అప్పుడు మీరు పాస్‌బుక్ వందసార్లు ప్రింట్ వేయించినా కనపడదు, కమిషన్ ఆఫీసులో అడిగి, విత్‌డ్రా చేసుకోడానికి పిటిషన్ పెట్టుకోవాలి. లెటర్ రాసే ముందే ఒకసారి పోయి అడిగి రండి.

15 రోజులకూ ఉలుకూ పలుకూ లేకుంటే అదే అనంతపురం కమిషన్‌లో ఆర్డర్ అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. సెక్షన్ 71 కింద ఆ ఆర్డర్‌ను సివిల్ కోర్టు డిక్రీ లెక్కనే అమలు చేయిస్తారు, అంటే ఆస్తుల జప్తు దాకా పోవచ్చు. సెక్షన్ 72 ఇంకా గట్టిది, ఆర్డర్ పాటించనివాళ్లకు నెల నుంచి మూడేండ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. దాన్ని లెటర్‌లో రాస్తే బ్రాంచ్ మేనేజర్ ఆ కాగితాన్ని తన సొరుగులో పెట్టుకోలేడు, పైకి పంపక తప్పదు. వకీలు ఫీజు భారం అనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు కాంప్లెక్స్‌లోనే ఉంటుంది, ఫోన్ 15100. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది, నాయన పెన్షన్ కాగితం చూపించి అడగండి.

నాయనకు ఒక మాట చెప్పండి, ఆయన తెలివితక్కువతనం వల్ల జరిగింది కాదిది. బ్రిటన్‌లో కూడా అప్పులు ఇచ్చేటప్పుడు పీపీఐ అనే ఇన్సూరెన్స్‌ను లక్షలాది మందికి అంటగట్టినారు, 2011లో బ్యాంకులు కోర్టులో ఓడిపోయినాయి, ఫిర్యాదులకు 2019 ఆగస్టు 29 ఆఖరి తేదీ అని పెట్టినారు, మొత్తం 3,800 కోట్ల పౌండ్లకు పైగా జనాలకు వెనక్కి ఇచ్చినారు. అంత చదువుకున్నోళ్లు కూడా సంతకాలు పెట్టినారు.

ప్రశ్న: మా ఆయన పోయినాక వచ్చిన డబ్బుతో బ్యాంకులో డిపాజిట్ అని చెప్పి పాలసీ ఇచ్చినారు. హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారికి, అదే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాస్తే నాకు అనుకూలంగా వచ్చింది. రెండు నెలల పైనే అయింది. కంపెనీ వాళ్లు ఒకసారి ఒరిజినల్ బాండ్ అంటారు, అది పంపితే ఇంకో ఫారం అంటారు, అదీ పంపితే అకౌంట్ వివరాలు సరిపోలేదంటారు. నేను ఒక్కదాన్నే, అడగడానికి భయమేస్తుంది.
— ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: అక్కా, భయపడాల్సింది మీరు కాదు. ముందు మీకొచ్చిన కాగితం పైన ఏం రాసుందో చూడండి, "అవార్డు" అనా "రికమెండేషన్" అనా. రెండూ వేరు. రెండు పక్షాలూ రాజీకి ఒప్పుకుంటే ఇచ్చేది రికమెండేషన్, అది అందిన 15 రోజుల్లోపు నాకు సమ్మతమే అని మీరు రాసివ్వాలి, మీ సమ్మతి చేరిన 15 రోజుల్లో కంపెనీ కట్టాలి. మీరు ఆ సమ్మతి పంపకుండా ఉంటే మాత్రం వెంటనే అంబుడ్స్‌మన్ ఆఫీసుకు ఫోన్ చేసి ఏం చేయాలో అడగండి, ఆలస్యం చేయొద్దు.

అవార్డు అయితే కంపెనీ దాన్ని అందుకున్న 30 రోజుల్లో అమలు చేసి అంబుడ్స్‌మన్‌కు చెప్పాలి, 2017 ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ రూల్స్‌లో ఉన్నదే ఇది. కంపెనీ దాన్ని కాదనడానికి లేదు. పైగా ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం గడువు దాటితే రోజుకు 5 వేల రూపాయల చొప్పున పెనాల్టీ ఫిర్యాదు చేసినవాళ్లకే కట్టాలి, అంటే మీకే, అదీ వడ్డీకి అదనంగా. ఈ సంగతి తెలియక ఎంతమంది ఊరికే ఎదురుచూస్తున్నారో తలుచుకుంటే కడుపు మండుతుంది.

ఒక్కో కాగితం ఒక్కోసారి అడగడం అనేది రోజులు గడపడానికే. కాబట్టి ఒక మెయిల్ పెట్టండి, మీ పిల్లలతోనో పక్కింటి పాపతోనో రాయించండి: బాండ్ ఫలానా రోజు పంపినా, ఫారం ఫలానా రోజు, అకౌంట్ వివరాలు ఫలానా రోజు, ఇంకా ఏం కావాలో మొత్తం ఒకేసారి రాతలో చెప్పండి, అవార్డు మీకు అందిన తేదీ చెప్పండి, 30 రోజులు దాటినందుకు రోజుకు 5 వేలు లెక్కగట్టండి. అదే మెయిల్ హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని అంబుడ్స్‌మన్ ఆఫీసుకూ పంపండి, ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు వేయండి, ఫోన్‌లో అయితే 155255. అకౌంట్ వివరాలు సరిపోలేదు అన్నదాంట్లో నిజం ఉండొచ్చు, పాలసీలో ఇంటిపేరు ఒక రకంగా, పాస్‌బుక్‌లో ఇంకో రకంగా ఉంటే అకౌంట్‌కు పంపిన డబ్బు వెనక్కి పోతుంది, అది ఒక్కటి మీరు సరిచూసుకోండి. డబ్బు వేసేసినాం అని వాళ్లంటే డబ్బు పంపినప్పుడు బ్యాంకు ఇచ్చే గుర్తు నంబర్, అదే యూటీఆర్ నంబర్ అడగండి, అది లేకుండా వేసినాం అన్న మాట నమ్మొద్దు.

ప్రశ్న: బట్టల అంగడికి లోన్ తీసుకుంటే అడక్కుండానే 68 వేల ఇన్సూరెన్స్ కలిపేసినారు. అడిగితే మేనేజర్ వాపస్ ఇప్పిస్తా అని మాటిచ్చినాడు, మా ఊరోడే. ఏడాది దాటింది. ఆయన బదిలీ అయిపోయినాడు, కొత్తాయన నాకేం తెలీదు అంటున్నాడు.
— ఒక వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: అన్నా, మీ ముగ్గురిలో నాకు ఎక్కువ దిగులు మీ విషయంలోనే. మిగతా ఇద్దరి చేతిలో ఆర్డర్ ఉంది, మీ చేతిలో మాట ఒక్కటే ఉంది, ఆ మాట ఇచ్చినాయన వెళ్లిపోయినాడు. వినియోగదారుల కమిషన్‌కు పోవడానికి రెండేండ్లే గడువు, ఏడాది అప్పుడే పోయింది. పాలసీ అందినాక నచ్చకుంటే వాపస్ చేయడానికి ఇప్పుడు 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది, ఆ 30 రోజులూ ఆయన మాట నమ్మే గడిచిపోయి ఉంటాయి.

ఇన్సూరెన్స్ తీసుకుంటేనే లోన్ అని బలవంతం పెట్టడానికి బ్యాంకుకు హక్కు లేదు. బ్యాంకుకు ఒక లెటర్ పెట్టండి, అందులో ఆ మాట రాసి, 68 వేలతో పాటు ఆ 68 వేల మీద ఇప్పటిదాకా మీ ఈఎంఐలో కట్టిన వడ్డీ కూడా అడగండి, ఎందుకంటే దాన్ని లోన్‌లోనే కలిపినారు, మీరు దానికీ వడ్డీ కడుతున్నారు, ఇది చాలామందికి తట్టదు. పాత మేనేజర్ పేరు, మాటిచ్చిన తేదీ, వాట్సాప్‌లో ఏమైనా మెసేజ్ ఉంటే దాని ప్రింటు పెట్టండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా వెంటనే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వేయండి, వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, సందేహాలుంటే 14448. అక్కడ అవార్డు వస్తే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ అంబుడ్స్‌మన్ స్కీమ్ ప్రకారం కాపీ మీకు అందిన 30 రోజుల్లో, దీన్ని పూర్తి పరిష్కారంగా ఒప్పుకుంటున్నా అని బ్యాంకుకు మీరు లెటర్ ఇవ్వాలి, ఇవ్వకుంటే ఆ అవార్డు చెల్లకుండా పోతుంది, బ్యాంకుకు కట్టాల్సిన 30 రోజుల లెక్క కూడా మీ లెటర్ అందినప్పటి నుంచే మొదలవుతుంది. గెలిచినాం కదా అని ఇంట్లో కూర్చొని పోగొట్టుకోవద్దు.

కొత్త మేనేజర్‌ను నోటితో అడగడం ఆపేసి సోమవారం అంగడి తెరిచే ముందే బ్యాంకుకు పోయి లెటర్ ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర ఉన్న కాపీ ఫోటో తీసి నాకు పంపండి, జవాబు ఏమొచ్చినా రాకపోయినా 31వ రోజు ఏం రాయాలో ఇద్దరం కలిసి రాద్దాం.