కొత్త ఎస్ఎస్‌డీ బిగించినా ల్యాప్‌టాప్‌కు కనిపించడం లేదు

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఫైళ్లన్నీ ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీ డ్రైవ్ పాడైంది. ఆన్‌లైన్‌లో 500 జీబీ ఎన్వీఎంఈ ఎస్ఎస్‌డీ తెప్పించి బిగించాం. విండోస్ ఇన్‌స్టాల్ చేయబోతే డ్రైవ్‌లేవీ లేవంటోంది. రిపేరు షాపులో మదర్‌బోర్డు పోయి ఉంటుందన్నారు. ప్రాజెక్టు సబ్మిషన్ దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది.
– డిగ్రీ విద్యార్థిని, ఏలూరు

జవాబు: మదర్‌బోర్డుకు ఇప్పుడే డబ్బు పెట్టకండి. ముందుగా బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే ల్యాప్‌టాప్ సెట్టింగుల్లోకి వెళ్లి చూడండి. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే డెల్, ఏసర్, ఆసుస్‌లలో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కుతూ ఉంటే బయాస్ తెరుచుకుంటుంది. అక్కడి స్టోరేజ్ వివరాల్లో కొత్త డ్రైవ్ పేరు ఉందా, లేదా? ఇక ఏం చేయాలన్నది దీన్నిబట్టే ఉంటుంది.

అక్కడ పేరు లేకపోతే నా మొదటి అనుమానం డ్రైవ్ రకం మీదే. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. ఒకే సైజులో, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుతో, శాటా (పాత, నెమ్మది రకం) డ్రైవ్‌లూ వస్తాయి, ఎన్వీఎంఈ (కొత్త, వేగవంతమైన రకం) డ్రైవ్‌లూ వస్తాయి. కొన్ని ల్యాప్‌టాప్‌ల స్లాటు శాటాకే పనిచేస్తుంది. అందులో ఎన్వీఎంఈ చక్కగా కూర్చుంటుంది, స్క్రూ కూడా బిగుస్తుంది, కానీ సిస్టమ్ దాన్ని గుర్తించదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. స్లాటులోకి వెళ్లే అంచున శాటా రకానికి సాధారణంగా రెండు గాట్లు, ఎన్వీఎంఈకి ఒకటే ఉంటాయి. గాట్లు చూసి తేల్చేయకుండా పాత డ్రైవ్ మీది లేబుల్ చదవండి. దాని మీద శాటా అని ఉంటే, మీ మోడల్ స్లాటు ఎన్వీఎంఈని తీసుకుంటుందో లేదో కంపెనీ మాన్యువల్లో చూసుకోండి. తీసుకోదని తేలితే రిటర్న్ గడువు దాటకముందే శాటా రకంతో మార్చుకోండి. వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోయినా మీ చదువుకు అది ధారాళంగా సరిపోతుంది.

రకం సరైనదే అయితే ఛార్జర్ తీసి, షట్‌డౌన్ చేసి, లోపలి బ్యాటరీ కనెక్టర్ విప్పి డ్రైవ్‌ను మళ్లీ అమర్చండి. ఏటవాలుగా లోపలి దాకా నెట్టాకే కిందికి వంచి స్క్రూ బిగించాలి.

బయాస్‌లో కనిపించి, విండోస్ సెటప్‌లో మాత్రమే కనిపించకపోతే డ్రైవ్‌లో లోపం ఉండకపోవచ్చు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే స్టోరేజ్ సెట్టింగ్ వల్ల ఇది తరచూ ఎదురవుతుంది. తయారీ కంపెనీ సైట్ నుంచి మీ మోడల్‌కు చెందిన ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను డౌన్‌లోడ్ చేసి, అన్‌జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. సెటప్‌లో 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది.

ఇవేవీ కుదరకపోతే శాటా, ఎన్వీఎంఈ రెండింటికీ పనిచేసే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ను బయటి నుంచి కంప్యూటర్‌కు కలిపే చిన్న డబ్బా) కొత్త డ్రైవ్ పెట్టి స్నేహితుల కంప్యూటర్‌కు తగిలించండి. అక్కడ విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కూడా కనిపించకపోతే డ్రైవే చెడిపోయినట్టు, వారంటీలో మార్పించుకోండి. అక్కడ కనిపిస్తేనే మదర్‌బోర్డు మాట ఎత్తాలి. అదే ఎన్‌క్లోజర్‌లో పాత డ్రైవ్‌నూ ఒకసారి పెట్టి చూడండి. తెరుచుకుంటే ముందు మీ ప్రాజెక్టు ఫైళ్లు కాపీ చేసుకోండి. ఫార్మాట్ చేయమని అడిగితే మాత్రం ఒప్పుకోకండి.