ఇంజిన్ విప్పితే మీ సాక్ష్యం పోతుంది

ప్రశ్న: మాకు నల్లగొండ జిల్లాలో ఎనిమిదెకరాల బత్తాయి తోట ఉంది. కూలీలు దొరకక, ఇంట్లో బంగారం కుదువపెట్టి 2024 జూన్‌లో రూ.3.20 లక్షలకు సీటు మీద కూర్చొని నడిపే గడ్డి కోత యంత్రం కొన్నాను. వారంటీ రెండేళ్లు. సెప్టెంబరు నుంచే నీలి పొగ వస్తోంది, ఇంజిన్ ఆయిల్ తాగేస్తోంది. షోరూం వాళ్లు మూడుసార్లు ఆయిల్ పోసి పంపారు. జాబ్ కార్డుల (చేసిన మరమ్మతు రాసుకునే కాగితాల) మీద సంతకాలు తీసుకున్నారు, నకళ్లు ఇవ్వలేదు. ఇప్పుడేమో ఎయిర్ ఫిల్టర్ నిండా దుమ్ముందని, తప్పు నాదేనని నలుగురిలో అవమానించారు. తెలిసిన మెకానిక్ ఇంజిన్ విప్పి పిస్టన్ రింగులు మారుస్తానంటున్నాడు. ఆ పని చేయించుకొని, ఖర్చులతోపాటు మనోవేదనకు ఐదు లక్షలు కోరుతూ కేసు వేయవచ్చా? అప్పుడప్పుడు పక్క తోటల్లో కిరాయికి కూడా నడిపాను.
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: ముందు ఆ మెకానిక్‌ను ఆపండి. ఇంజిన్ మీద ఎవరి చేయీ పడనివ్వకండి. బండిని నడపడం కూడా మానేయండి. ఆయిల్ తగ్గి ఇంజిన్ పట్టేస్తే ఆ నేరం కూడా మీ మీదే వేస్తారు.

షోరూంలో జరిగిన అవమానంతో ఈ కేసు తేలదు. పొగకు కారణం తయారీ లోపమా, మీ వాడకమా అన్నదే తేలాలి. నీలి పొగ వస్తోందంటే సిలిండర్‌లో ఆయిల్ కాలుతోందని మాత్రమే అర్థం. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) గుర్తు దాటి ఆయిల్ పోసినా ఆ పొగ వస్తుంది. బ్లేడు శుభ్రం చేయడానికి బండిని పక్కకు వాల్చినా కాసేపు వస్తుంది. బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయినా, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ పైమూత కింది సీలు) దెబ్బతిన్నా వస్తుంది. ఫిల్టర్ పట్టించుకోక దుమ్ము లోపలికి పోయి రింగులు అరిగినా, అసలు మొదటి నుంచీ రింగులు సిలిండర్‌కు సరిగా కుదరకపోయినా పొగ రంగు ఒకటే. వీటిలో చివరిది కంపెనీ తప్పు, దానికి ముందుది మీ నెత్తిన పడేది. సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో, ఎటు లీకవుతోందో చూపే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు చేసి, ఆ తర్వాత నిపుణుడి సమక్షంలో విప్పి సిలిండర్ గోడలు చూస్తేనే తేడా తెలుస్తుంది. మీ మెకానిక్ రింగులు మార్చాక పాతవి సంచిలో వేసి తెస్తే, అవి ఈ ఇంజిన్‌వేనని ఎవరు నమ్ముతారు? పైగా బయటివాళ్లతో విప్పించారంటూ వారంటీ కూడా కాదంటారు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38వ సెక్షన్ మీకు సరైన దారి చూపుతోంది. పరీక్ష లేకుండా లోపం తేలని వస్తువును జిల్లా వినియోగదారుల కమిషన్ సీలు వేయించి తగిన ప్రయోగశాలకు పంపగలదు. 45 రోజుల్లో నివేదిక రావాలి. పరీక్ష రుసుము మీరే జమ చేయాల్సి ఉంటుంది. ఫిర్యాదుతోపాటే ఇందుకు దరఖాస్తు పెట్టండి.

మూడుసార్లు సంతకాలు పెట్టి ఒక్క నకలూ తీసుకోకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. ఆ కార్డుల్లో ‘సమస్య పరిష్కారమైంది’ అని రాసుకొని ఉంటే మీ సంతకమే మీకు ఎదురు తిరుగుతుంది. వెంటనే స్పీడ్ పోస్టులో షోరూంకు, యంత్రం తయారీదారుకు, ఇంజిన్ వేరే కంపెనీదైతే దానికి కూడా నోటీసు పంపి జాబ్ కార్డుల నకళ్లు అడగండి. ఇవ్వకపోతే వాటిని దాఖలు చేయించమని కమిషన్‌ను కోరవచ్చు. మొదటి కార్డులో అవర్ మీటర్ (ఇంజిన్ నడిచిన గంటలు చూపే మీటర్) రీడింగ్ ఉంటే అది మీకు బంగారం. కొద్ది గంటలు నడవగానే పొగ మొదలైందని తేలితే, దుమ్ముతో అరిగిందన్న వాదన చాలావరకు పలచబడుతుంది. దుమ్ము పట్టిన ఫిల్టర్‌ను పారేయకండి. ఇప్పటి మీటర్ రీడింగ్‌ను, డిప్‌స్టిక్ మట్టాన్ని, స్టార్ట్ చేసేటప్పుడు వచ్చే పొగను ఒకసారి వీడియో తీయండి. తీసిన ఫోన్‌ను భద్రపరచి, ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం ఆ వీడియోకు జతపరచండి.

ఇక గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం ఏర్పడిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. పొగ 2024 సెప్టెంబరులో కనబడింది కాబట్టి 2026 ఆగస్టు దాటనివ్వకండి. షోరూం వాళ్లు చివరిసారి ఆయిల్ పోసిన రోజు నుంచి లెక్క అని ఎవరైనా చెబితే ఆ ధీమా మీద కూర్చోవద్దు. నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నించమని అడగవచ్చు గానీ, మన్నించి తీరాలన్న నియమం లేదు.

కిరాయి సంగతి దాచకండి, అవతలి న్యాయవాది ఎలాగూ తవ్వుతారు. వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని, స్వయంగా వాడుకునేవారికి చట్టంలో మినహాయింపు ఉంది. తోట మీదని, బండి మీరే నడిపారని, కిరాయి ఎప్పుడో ఒకసారేనని అఫిడవిట్‌లో స్పష్టంగా రాయండి. కిరాయికి వాడితే వారంటీ కాలం తగ్గే షరతు ఉందేమో కార్డులో చూసుకోండి.

మీరు నివసించే జిల్లాలోనే, అంటే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపే కాబట్టి ఫిర్యాదు రుసుము లేదు. యంత్రం మార్చి ఇవ్వాలని, లేదా ధరను వడ్డీతో తిరిగి చెల్లించాలని ప్రధానంగా కోరండి. మనోవేదనకు ఐదు లక్షలన్న అంకెను వదిలేసి, యంత్రం ఆగిన రోజుల్లో గడ్డి కోతకు పెట్టిన కూలీ ఖర్చును రసీదులతో చూపి అడగండి.