మనసు చెప్పుకోవడానికి తగిన మనిషి

చిరంజీవి మేనకోడలికి, అమలాపురం నుంచి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిద్ర పట్టడం లేదనీ, ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉన్నా ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచడం లేదనీ నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అత్తయ్య చనిపోయిన ఏడాది నేనూ ఇదే వెతుకులాటలో పడ్డవాణ్ణి కాబట్టి, తెలిసినంత మేరకు రాస్తున్నాను.

మందులు రాసేది సైకియాట్రిస్టు. మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. కొబ్బరి దింపుకు వచ్చేవాడి పనితనం కూడా నలుగురిని విచారించే మనం, ఆ నంబరు అడగడానికి మొహమాటపడనక్కరలేదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఈ విచారణలన్నీ పక్కన పెట్టి, వెంటనే ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే రాత్రయినా పగలయినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

అయితే చదువు, రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన మనకు కుదురుతారని కాదు. నేను మొదట కలిసినాయన చదువులో లోటు లేనివాడే. అత్తయ్య మందుల డబ్బా ఇంకా అలమారులోనే ఉందని చెప్పబోతుంటే, మాట పూర్తికాకుండానే, ‘తీసేయండి, తేలికపడతారు’ అన్నాడు. నేను ‘బాగుందండీ’ అని, కేవలం మర్యాద కోసం మరో నాలుగుసార్లు వెళ్లాను. తరువాత కాకినాడలో కలిసినావిడ అదే డబ్బా మాట వినగానే, ‘అందులో ఇంకేమైనా ఉన్నాయా?’ అని అడిగింది. బుధవారం దాకా అరలు ఖాళీగా ఉన్నాయనీ, గురువారం నుంచి మాత్రలు అలాగే ఉన్నాయనీ చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ బుధవారం రాత్రి సంగతి నేను మొదటిసారి నోరు విప్పి చెప్పింది అప్పుడే.

కాబట్టి మూడు నాలుగుసార్లు కలిసి చూడు. తిరుగు బస్సులో ఏడుపు వచ్చినంత మాత్రాన కుదరలేదని అనుకోకు. వెళ్లేముందు ఏది దాచాలో సర్దుకుంటున్నావంటే, లేదా అవతలివారు ‘మీరెవరి తాలూకు’ అని మొదలుపెట్టి పెళ్లి గురించి తీర్పులు చెబుతుంటే, అప్పుడు ఆలోచించాలి. నీకు ఇబ్బందిగా ఉందన్న మాట వారితోనే అను. నొచ్చుకోకుండా విని, పద్ధతి మార్చుకుంటే ఉండు, లేకపోతే మరొకరిని చూసుకో; అందులో కృతఘ్నత ఏమీ లేదు. ఫీజు ఎంతో, ఎన్నాళ్లు రావలసి ఉంటుందో మొదటి రోజే అడుగు.

గుట్టు సంగతి రాశావు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ విషయం గోప్యంగా ఉంచాలి, కానీ మన ఊళ్లలో బయట బెంచీ మీద ఎవరు కూర్చున్నారన్నది సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. రాజోలులో వద్దనుకుంటే రాజమండ్రి గాని, కాకినాడ గాని వెళ్లు. వీడియోలో మాట్లాడేటట్లయితే అరుగు మీద కూర్చోకు, గది తలుపు వేసుకో.

తోడు కావాలంటే నేను వస్తాను. బయట టీ కొట్టు దగ్గర కూర్చుంటాను. లోపల ఏం మాట్లాడావని అడగను.

ఇట్లు,
మావయ్య