నవ్వుకు తీరిక

ప్రశ్న: ఆఫీసు, ఇంటి పనులు అయ్యేసరికి రాత్రి పది దాటుతోంది. ఫోన్‌లో కామెడీ వీడియోలు చూస్తూ నిద్రపోతున్నాను. మనసారా నవ్వి ఎన్నాళ్లయిందో! ఏం చేయాలి?

జవాబు: ఒంటరిగా చూసే వీడియోకి పెదవి కదులుతుంది గానీ పొట్ట కదలదు. నలుగురిలో ఉన్న మనిషి ఒంటరిగా ఉన్నప్పటికన్నా దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని నవ్వుపై పరిశోధించిన రాబర్ట్ ప్రొవైన్ గమనించారు. అందులోనూ చాలా నవ్వులు జోకులకు కాదు, మామూలు మాటల మధ్య వచ్చినవే. అంటే ముందు తోడు వెతుక్కోవాలి.

వారంలో ఒక రోజు 45 నిమిషాలు ఖాయం చేసుకోండి. ‘పనులయ్యాక’ అనుకుంటే ఆ రోజు రాదు, పనులు ఎప్పుడు అయ్యాయి గనక! ముగ్గురు నలుగురు చాలు. ఎక్కువైతే మాటలు రెండు గుంపులుగా చీలతాయి. ఫోన్లు పక్క గదిలో పెట్టేయండి. 20 చీటీల మీద రోజూ చేసే పనులు రాసి, ఒక్కొక్కరు నిమిషంపాటు మూగసైగలతో చూపించాలి. మొదటి పది నిమిషాలు అందరూ బిగుసుకునే ఉంటారు, అక్కడే చాలామంది ఆపేస్తారు. మీరు ఆపకండి. మార్కులు లెక్కపెట్టొద్దు, పట్టుదల మనిషి ఒక్కరున్నా ఆట తగువులో పడుతుంది. ఎప్పుడూ ఒకరినే ఆటపట్టిస్తే వాళ్లు మరుసటి వారం రారు. వరుసగా రెండుసార్లు కుదరకపోతే రోజు మార్చండి.