క్విల్ట్ మీద దారపు గీతలకు జీవం రావాలంటే

చీర ముక్కలతో చెరువు దృశ్యం కూర్చాననీ, నీటి అలలూ రెల్లుగడ్డీ దారంతో గీస్తే బిగుసుకుపోయినట్టు కనిపిస్తున్నాయనీ అడిగారు. నేను మిషను మీదా చేత్తోనూ ఇలాంటివి చాలాకాలంగా కుడుతున్నాను. ముందుగా ఏ గీత లోపలికి దిగాలో, ఏది పైకి తేలాలో తేల్చుకోండి.

క్విల్ట్‌లో పై గుడ్డ, మధ్యన దూది, అడుగు గుడ్డ ఉంటాయి. ఈ మూడు పొరలూ కలిపి కుట్టిన గీత లోపలికి దిగుతుంది. దానికి రెండు వైపులా దూది ఉబ్బి నీడ పడుతుంది. లావు దారాన్ని పైన పరిచి, సన్నదారంతో అక్కడక్కడ పట్టి కుడితే ఆ గీత పైకి తేలుతుంది. కాబట్టి అలలను మూడు పొరల గుండా కుట్టండి, రెల్లు కాడలను పైన పరిచిన దారంతో వేయండి. రెండూ ఒకే తీరున కుడితే ఎంత మంచి బొమ్మయినా చదునుగానే ఉంటుంది.

మిషను మీదైతే గుడ్డను లాగే పళ్ళను కిందకు దించి, ఎంబ్రాయిడరీ పాదం బిగించి, గుడ్డను చేత్తో తిప్పుతూ కుట్టాలి. అప్పుడు కుట్టు పొడవు మీ చేతి వేగాన్ని బట్టే ఉంటుంది. చేయి తొందరపడితే కుట్లు సాగుతాయి, సూది కూడా విరగవచ్చు. సుద్దతో గీసిన గీత మీదే సూదిని నడపాలని చూస్తే భుజాలు బిగుస్తాయి, గీత వణుకుతుంది. అందుకే కాగితం మీద పెన్ను ఎత్తకుండా అదే అలను చేతికి అలవాటయ్యేదాకా గీయండి. గుడ్డ మీద మొదలుకూ చివరకూ చెరొక చుక్క పెట్టుకుంటే చాలు. మెలికల ముగ్గు వేసేవారికి ఇది త్వరగా పట్టుబడుతుంది. గీత తెగకుండా సాగితే దారపు కొసలు ముడివేసే పనీ తగ్గుతుంది.

చేతికుట్టు నాకు మరీ ఇష్టం. బెంగాల్‌లోని కాంతా అనే కుట్టుపనిలో మామూలు రన్నింగ్ కుట్టునే దగ్గర దగ్గర వరసలుగా నడిపితే గుడ్డే అలలు తేలుతుంది, మీ నీటికి అది చక్కగా సరిపోతుంది. రెల్లు ఆకులకు కాడకుట్టు (స్టెమ్ స్టిచ్) వేయండి. ఆకు మొదలు దగ్గర మూడు పోగులతో కుట్టి, కొస దగ్గర ఒక్క పోగుకు తగ్గిస్తే ఆకు సన్నబడుతూ వెళ్తుంది.

గీతలు కిక్కిరిసిన చోట గుడ్డ ముడుచుకుంటుంది. ఆకాశంలోనూ కొన్ని గీతలు నడపండి, లేకపోతే అక్కడ గుడ్డ వదులుగా ఉబ్బుతుంది. చుట్టూ రెండు మూడు అంగుళాలు ఎక్కువ వదిలి, కుట్టు పనంతా అయ్యాకే అంచులు సరిచేసి కత్తిరించండి.