గేటు కింద మిగిలే డోసు గుర్తు

ప్రశ్న: మామూలు మాస్‌ఫెట్‌తో (గేటు వోల్టేజితో కరెంటును అదుపుచేసే ట్రాన్సిస్టర్) రేడియేషన్ డోసు కొలవొచ్చా? గది వేడికి రీడింగు కదిలిపోతోంది.
– ఒక డిప్లొమా విద్యార్థి, ఒంగోలు

జవాబు: కొలవొచ్చు. పి-చానెల్ రకం తీసుకోండి. రేడియేషన్ తగిలితే గేటు ఆక్సైడ్‌లో (గేటు కింది ఇన్సులేటర్ పొర) పుట్టిన ఎలక్ట్రాన్లు చప్పున బయటపడతాయి, హోల్స్ (ఎలక్ట్రాన్లు వదిలిన ధన ఆవేశపు ఖాళీలు) మాత్రం సిలికాన్ అంచున చిక్కుకుపోతాయి. అందుకే థ్రెషోల్డ్ వోల్టేజి (ట్రాన్సిస్టర్‌లో కరెంటు మొదలవడానికి గేటుకు కావలసిన వోల్టేజి) పరిమాణంలో పెరుగుతుంది. ఆ పెరుగుదలే డోసుకు కొలత. మామూలు మాస్‌ఫెట్‌లో ఆక్సైడ్ పలచన, కాబట్టి చిన్న డోసులు కనబడవు. ఇందుకోసమే చేసే రాడ్‌ఫెట్లలో అది వందల నానోమీటర్ల మందం ఉంటుంది.

గేటు, డ్రెయిన్ కలిపి గ్రౌండుకు కట్టండి. సోర్సులోకి 10 మైక్రోఆంపియర్ల స్థిర కరెంటు పంపి, అక్కడి వోల్టేజి రాసుకోండి. ఒంగోలు ఎండకు పొద్దుటి రీడింగూ మధ్యాహ్నపు రీడింగూ కలవకపోవడం సహజమే. వేడి ప్రభావం దాదాపు సున్నా అయ్యే కరెంటు ఒకటి ప్రతి ట్రాన్సిస్టర్‌కూ ఉంటుంది. ట్రాన్సిస్టర్‌ను కాస్త వేడిచేస్తూ, కరెంటు మారుస్తూ దాన్ని పట్టుకుని, 10 మైక్రోఆంపియర్లకు బదులు అదే వాడండి. చిక్కిన హోల్స్ మెల్లగా తగ్గిపోతాయి గనుక, డోసు ఇచ్చాక ప్రతిసారీ ఒకే వ్యవధి ఆగి కొలవాలి.

ఎక్స్‌రే గదిలో ఒంటికి తగిలే డోసు కొలవడానికి మాత్రం దీన్ని నమ్మొద్దు. టీఎల్‌డీ బ్యాడ్జీ (ఒంటికి తగిలిన డోసును నమోదుచేసే బ్యాడ్జీ) పెట్టుకోవాల్సిందే.