పాత డ్రెయిన్ పైపుకే కొత్త వాష్‌బేసిన్ బిగించవచ్చా?

బిగించవచ్చండి. మీరు పైపు సైజు కలవదేమో అని టెన్షన్ పడుతున్నారు, అది చిన్న సంగతి. బేసిన్ కింద వేస్ట్ పైపు 32 మి.మీ. ఉంటుంది, గోడలోని పీవీసీ పైపు మామూలుగా 40 గానీ 50 గానీ. మధ్యలో రబ్బరు రెడ్యూసర్ (సైజు తేడాని పూడ్చే రింగు) పెడితే సరిపోతుంది. ఆ సందుని సిమెంటుతో మాత్రం పూడ్చనివ్వకండి. రేపు చెత్త అడ్డుపడి విప్పాల్సి వస్తే గోడ పగలగొట్టాలి.

అసలు చూసుకోవాల్సింది ఎత్తు. బేసిన్ కొనకముందే నేల నుంచి గోడ పైపు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. విజయవాడలో మా ఫ్లాట్‌లో పాత బేసిన్ చిన్నది, కొత్తది బాగా లోతు. అంచు 33 అంగుళాల ఎత్తులో పెట్టి చూస్తే బాటిల్ ట్రాప్ (బేసిన్ కింద కాసిని నీళ్లు నిలిపి వాసన ఆపే సీసాలాంటిది) నుంచి నీళ్లు బయటికొచ్చే మూతి గోడ పైపు కన్నా కిందికొచ్చింది. నీళ్లు ఎగువకి పారవు కదా! బేసిన్ పైకి జరుపుదామంటే పిల్లలకి అందదు. చివరికి ప్లంబర్ కప్లింగ్‌కీ (బేసిన్ అడుగు రంధ్రంలో బిగించేది) ట్రాప్‌కీ మధ్య ఉండే నిలువు గొట్టాన్ని కోసి పొట్టి చేశాడు, ట్రాప్ పైకొచ్చింది. టైల్స్ జోలికి పోలేదు. ఇలాంటి చోట ముడతల ఫ్లెక్సిబుల్ పైపు వేసేద్దామంటారు. వద్దండి. అది మధ్యలో వంగి నీళ్లు నిలుస్తాయి, ఆ ముడతల్లో సబ్బు, వెంట్రుకలు పేరుకుంటాయి.

బాటిల్ ట్రాప్ తప్పనిసరా అని కూడా అడిగారు. గోడ పైపులో ఒక బకెట్ నీళ్లు పోసి, బాత్‌రూమ్ నేల మీది జాలీ ఎత్తి చూడండి. ఆ నీళ్లు నహానీ ట్రాప్‌లోకి (జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నెలోకి) వస్తుంటే వాసన ఆపే నీళ్లు అక్కడే ఉన్నట్టు, పైన ఇంకోటి లేకపోయినా నడుస్తుంది. (ఉంటే పడిపోయిన ఉంగరం దొరుకుతుందని మా ఇంట్లో వాళ్ల పట్టు.) అక్కడికి రాకుండా నేరుగా డక్ట్‌లోని (బిల్డింగ్ పైపులు దిగే సందులోని) పైపులోకి పోతుంటే బాటిల్ ట్రాప్ ఉండి తీరాలి, లేకపోతే వాసన, బొద్దింకలు రెండూ పైకొస్తాయి. ఆ బకెట్ నీళ్లు ఎంత వేగంగా దిగుతున్నాయో కూడా గమనించండి. మెల్లగా దిగితే ముందు పాత పైపు శుభ్రం చేయించాలి, కొత్త బేసిన్ దాన్ని బాగుచెయ్యదు.

కప్లింగ్ కొనేటప్పుడు ఒక మాట: బేసిన్‌కి ఓవర్‌ఫ్లో రంధ్రం (నీళ్లు పొర్లకుండా అంచు దగ్గర ఉండేది) ఉంటే హాఫ్ థ్రెడ్ (మర సగం వరకే ఉన్నది), లేకపోతే ఫుల్ థ్రెడ్ (మర మొత్తం ఉన్నది).

బిగించాక కుళాయి సన్నగా తిప్పి చూసి సరేననకండి. బేసిన్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి, కింద పేపరు పరచండి. ప్లంబర్ ఉండగానే చేయించండి. మా ఇంట్లో కప్లింగ్ దగ్గర కారడం అప్పుడే బయటపడింది, అక్కడికక్కడే వాషర్ మార్చి ఇచ్చాడు.